ఇంజను లేని విమానం

పిల్లలూ! ఎండవేళ ఆరుబయట నిలబడి ఆకాశం కేసి ఎప్పుడైనా చూశారా? ఎక్కడో చాలా ఎత్తున ఒక గద్ద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. కాకి అయితే ఎగురుతున్నంత సేపూ రెక్కలు కొట్టుకుంటూనే ఉంటుంది. పిచుక సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ గద్ద మాత్రం రెక్కలు చాచి ఉంచి, వాటిని ఆడించకుండానే చాలాసేపు తిరుగుతుంది. తిరిగే కొద్దీ కిందికి రావలసింది పోయి పైకి పోతుంది. దాని కడుపులో ఇంజను లేదు. తాడు కట్టి ఎవరూ లాగడం లేదు. మరి దాన్ని పైకి ఎత్తుతున్నది ఏమిటి?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి, ఆఖరి కొన్నేళ్లు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. మా ఊరు అనంతపురం సీమలో, గాలిమరలు నిలిపిన రామగిరి కొండలకు ఎంతో దూరంలో లేదు. ఉద్యోగం అయిపోయాక కొందరు పూలతోట వేస్తారు, కొందరు పురాణాలు చదువుతారు. నేను రేడియోతో నడిపే గ్లైడర్లు చేసి ఎగరవేస్తాను. "ఈ వయసులో ఇదేం ఆట!" అని మా వీధిలో కొందరు నవ్వారు. అలా నవ్విన వారిలోనే ముగ్గురు నలుగురు సాయంత్రం చేను గట్టు మీదికి వచ్చి నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశారు.

గ్లైడరు అంటే ఇంజను లేని విమానం. అది ఎగురుతుందని మనం అంటాం గాని, నిజానికి అది ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. జారుడుబండ మీద మీరు కూర్చుంటే ఎలా ముందుకూ కిందికీ ఒకేసారి పోతారో, గ్లైడరు కూడా గాలిలో అలాగే జారుతుంది. తేడా ఏమిటంటే, దాని జారుడుబండ చాలా తక్కువ వాలుగా ఉంటుంది. మేము చేసిన గ్లైడరు ఒక మీటరు కిందికి దిగే లోపల సుమారు పది మీటర్లు ముందుకు పోతుంది. దాని వేగం సెకనుకు ఆరు మీటర్లు. అంటే సెకనుకు 60 సెంటీమీటర్ల చొప్పున దిగుతుందన్నమాట. 30 మీటర్ల ఎత్తున వదిలితే ఎంతసేపటికి నేలను తాకుతుందో లెక్క కట్టండి. 50 సెకన్లు! మూడు నెలలు చేసిన పనికి 50 సెకన్ల ఆట.

కాని గ్లైడరు ఉన్న గాలే సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తున్నదనుకోండి. అప్పుడు గ్లైడరు ఆ గాలిలో 60 సెంటీమీటర్లు దిగుతుంది, గాలి దాన్ని 100 సెంటీమీటర్లు ఎత్తుతుంది. మిగిలిన 40 సెంటీమీటర్లు లాభం! నిమిషంలో 24 మీటర్లు పైకి పోతుంది. గద్ద చేసేది ఇదే. అది దిగుతూనే ఉంటుంది, కాని తాను దిగే దానికంటె వేగంగా లేచే గాలిని వెతుక్కుని అందులో తిరుగుతుంది. ఈ చిన్న కూడికా తీసివేతా తెలిస్తే గ్లైడరు సంగతి సగం తెలిసినట్టే. మిగతా సగం, ఆ లేచే గాలి ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం. అది పుస్తకంలో దొరకదు.

ఇంజను పుట్టకముందే మనుషులు ఈ సంగతి మీద బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఇంగ్లండులో జార్జి కేలీ అనే ఆయన 1804లోనే గాలిపటాన్ని రెక్కగా పెట్టి, కర్రకు కదిలే తోక అమర్చి ఒక చిన్న గ్లైడరు చేశాడు. 1849లో పెద్దది చేసి, పదేళ్ల పిల్లవాణ్ణి అందులో కూర్చోబెడితే అది వాణ్ణి నేల మీదినుంచి కొన్ని గజాల దూరం ఎత్తుకుపోయిందట. ఆ పిల్లవాడి పేరు ఎవరూ రాసి పెట్టలేదు. పెద్దవాళ్లు చరిత్ర రాస్తే ఇలాగే ఉంటుంది! 1853లో ఇంకా పెద్ద గ్లైడరులో కేలీ బండివాడు ఒక లోయను దాటాడనీ, దిగగానే "నన్ను పెట్టుకున్నది బండి తోలడానికి, ఎగరడానికి కాదు" అని ఉద్యోగం మానేశాడనీ ఒక కథ చెప్పుకుంటారు. రైటు సోదరులు కూడా 1903లో ఇంజను పెట్టి ఎగిరే ముందు మూడేళ్లపాటు గ్లైడర్లతోనే సాధన చేశారు. ముందు గాలిలో నిలదొక్కుకోవడం నేర్చుకుని, ఆ తరువాతే ఇంజను జోలికి పోయారు. ఆ వరస నాకు చాలా నచ్చుతుంది.

ఇక మా గ్లైడరు సంగతి చెబుతాను. కాలేజీలో నేను ఎన్‌సీసీ వాయు విభాగంలో ఉన్నప్పుడు చేత్తో విసిరే చిన్న గ్లైడర్లు చేయడం నేర్పారు. ఆ వేళ్ల పని మరిచిపోలేదు. 2023 సంక్రాంతి సెలవుల్లో మా ఊరి కుర్రవాడొకడు, తొమ్మిదో తరగతి చదివేవాడు, నా వరండాలో కూర్చుని నేను కొయ్యముక్కలు కోయడం చూసి, "నేనూ చెయ్యచ్చా సార్?" అన్నాడు. పేరు చెబితే సిగ్గుపడతాడు కనుక మనం అతన్ని చిన్నోడు అందాం.

గ్లైడరుకు వాడేది బాల్సా కొయ్య. అది దక్షిణ అమెరికాలో ఎక్కువగా పెరిగే చెట్టు. ఆ కొయ్య ఎంత తేలికంటే, మీరు ఒక పలకను పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. బాల్సా అంటే స్పానిష్ భాషలో తెప్ప అని అర్థం. 1947లో థోర్ హెయర్డాల్ అనే నార్వే దేశస్థుడు పసిఫిక్ మహాసముద్రాన్ని దాటింది ఈ దుంగలతో కట్టిన తెప్ప మీదనే. మన దగ్గర బాల్సా ఖరీదు కనుక రెక్కలకూ తోకకూ దాన్ని వాడి, మధ్య దూలానికి వెదురుబద్ద వాడుకున్నాం.

రెక్క పొడవు ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటిన్నర మీటరు, వెడల్పు 18 సెంటీమీటర్లు. రెక్కను నిండు పలకగా చేయకూడదు, బరువైపోతుంది. చేప ఎముకల్లాగా సన్నని పక్కటెముకలు కోసి, రెండు పొడుగాటి బద్దల మీద వరసగా నిలబెట్టి, పైన పలుచని కాగితం అతికించి బిగువుగా లాగాలి. పక్కటెముకలన్నీ ఒక్కలాగే ఉండాలి. ఒక్కటి పొట్టిదైనా అక్కడ రెక్క సొట్టపడుతుంది. చిన్నోడు మొదట చేసిన పదహారింటిలో తొమ్మిది పారేశాడు. పారెయ్యమని నేను చెప్పలేదు. వాటిని పక్కపక్కన పేర్చి, కిటికీ వెలుగులో ఒక కన్ను మూసి చూడమన్నాను, అంతే. బ్లేడుతో పని కనుక మీలో చిన్నవాళ్లు పెద్దవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకునే కొయ్యాలి.

రెక్కలు రెండూ ఒకే వరసలో తిన్నగా ఉండకూడదు. చివరలు కొంచెం పైకి లేచి, ముందునుంచి చూస్తే బాగా విప్పిన పుస్తకంలాగా కనిపించాలి. ఇలా ఉంటే ఒక పక్కకు ఒరిగిన గ్లైడరు తనంతట తానే సరి అవుతుంది. ఆ తరువాత తూకం. రెక్క ముందు అంచునుంచి వెడల్పులో మూడోవంతు దగ్గర రెండు వేళ్లు ఆనించి ఎత్తితే గ్లైడరు తక్కెడ కాడలాగా నిలవాలి. తోక బరువైతే ముక్కు లేపి, ఆగి, దబ్బున పడుతుంది. కనుక ముక్కులో సీసం ముక్కలు పెట్టి సరిచేస్తారు. అన్నీ కలిపి మా గ్లైడరు 400 గ్రాములు తూగింది.

మరి నేలమీద ఉన్నవాడు ఆకాశంలో ఉన్నదాన్ని ఎలా నడుపుతాడు? చేతిలోని పెట్టెను ట్రాన్స్‌మిటరు అంటారు. దాని మీద చిన్న పుల్ల ఉంటుంది. ఆ పుల్లను ఎటు కదిపితే ఆ సంగతిని పెట్టె రేడియో తరంగాలుగా మార్చి పంపుతుంది. గ్లైడరులోని రిసీవరు దాన్ని అందుకుని సర్వో అనే బుల్లి మోటారుకు చెబుతుంది. సర్వోకు ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి సన్నని తీగను తోసి, తోక మీది చుక్కానిని తిప్పుతుంది. ఇంకొక సర్వో ఎలివేటరును, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకను, కదుపుతుంది. మా సర్వోలు ఒక్కొక్కటి 9 గ్రాములే. ఇప్పటి రేడియోలు 2.4 గిగాహెర్ట్‌జ్ మీద పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, మీ జానెడైనా లేదు.

ఇదంతా ఇప్పుడు సులువైపోయింది. 1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు రేడియోతో మోడల్ విమానాన్ని నడిపారు. దాన్ని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. తరువాత చాలా ఏళ్లు, ఒకే తరంగం మీద ఇద్దరు పెట్టెలు తెరిస్తే రెండు విమానాలకూ పిచ్చెత్తి నేలమీద పడేవి. అందుకని మైదానంలో ఒక పలక పెట్టి, బట్టల క్లిప్పులు తగిలించి, క్లిప్పు ఎవరి దగ్గర ఉంటే వారే పెట్టె తెరవాలని కట్టుబాటు చేసుకున్నారు. ఇప్పటి రిసీవరు తన సొంత ట్రాన్స్‌మిటరు మాట తప్ప ఇంకొకరి మాట వినదు. బడిపిల్లలు కూడా అలా ఉంటే ఎంత బాగుండేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నడపడంలో పెద్ద చిక్కు ఒకటుంది. గ్లైడరు మీనుంచి దూరంగా పోతున్నప్పుడు మీ కుడీ దాని కుడీ ఒకటే. అది తిరిగి మీ కేసి వస్తున్నప్పుడు దాని కుడి మీకు ఎడమ అవుతుంది! తికమకపడి పుల్లను తప్పు వైపుకు తోశారో, గ్లైడరు నేలకూలుతుంది. దీనికి పాతకాపులు ఒక ఉపాయం చెబుతారు. గ్లైడరు మీ వైపు వస్తూ ఉండగా ఏ రెక్క కిందికి వాలితే పుల్లను ఆ వైపుకే తోయాలి. ఒరిగిపోతున్న పందిరికి ఆ పక్కన గుంజ ఆనించినట్టు అనుకోండి. చిన్నోడికి అది ఒక్క పూటలో పట్టుబడింది. నాకు నెల పట్టింది.

ఇంతలో ఒకనాడు చిన్నోడి నాన్న కళ్లంలో కందులు తూర్పారబడుతూ ఉంటే నేను ఆ దారిన పోయాను. నన్ను చూసి చేట దించి, "సార్, వీడు పొద్దస్తమానం పుల్లలు కోసుకుంటా కూచుంటాడు. ఇది రేపు వాడికి కూడు పెడతాదా?" అని అడిగాడు.

పెడుతుందని నేను అనలేదు. ఇలా బొమ్మలు చేసిన వాళ్లలో కొందరు పెద్ద ఇంజనీర్లయ్యారు, చాలామంది కాలేదు. ఒక రైతుతో, అదీ మూడేళ్లకొకసారి పంట చేతికొచ్చే సీమలో రైతుతో, ఉత్తమాట చెప్పడం నా వల్ల కాదు. "చెప్పలేను రెడ్డీ. చదువు పాడుకాకుండా నేను చూస్తాను" అన్నాను. అతను సరేనని గాని, కాదని గాని అనలేదు. చేట ఎత్తి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. గాలి లేదు. ఒక నిమిషం అయింది. ఉన్నట్టుండి "వస్తాంది" అన్నాడు. నాకు ఏమీ తెలియలేదు. మూడు నాలుగు ఊపిర్లు తీసుకున్నాక నిజంగానే గాలి వచ్చింది, అతను చేట వంచాడు, పొట్టు ఒకవైపుకు పోయింది, గింజ కాళ్ల దగ్గర పడింది.

"ఎలా తెలిసింది?" అన్నాను.

"ఆ దుక్కి అవతల గడ్డి వంగలేదా సార్? దుక్కి మీద వేడి లేస్తే చుట్టుపక్కల గాలి దాంట్లోకి పోతాది. అది మనమీదుగానే పోవాల" అన్నాడు.

పిల్లలూ, ఇదే మాట నేను పదో తరగతికి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. ఎండకు దున్నిన నేల, బండరాయి, రోడ్డు ఎక్కువగా కాగుతాయి. పచ్చటి పైరూ నీళ్లూ అంతగా కాగవు. కాగిన నేల మీది గాలి తేలికై, బుడగలాగా విడివడి పైకి పోతుంది. అది లేచిన చోటికి చుట్టూ ఉన్న గాలి పరుగెత్తుకొస్తుంది. లేచే గాలి పక్కన దిగే గాలి కూడా ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. కాని కళ్లంలో నిలబడి, వచ్చేముందే "వస్తాంది" అనడం నాకు చేతకాదు. ఆ సాయంత్రం చిన్నోడితో, "మీ నాన్నను ఒకసారి పిలుచుకు రా" అన్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం పొద్దున పది గంటలకు చేలో చేరాం. గ్లైడరును పైకి పంపడానికి ముప్పై మీటర్ల రబ్బరు గొట్టం ఒక చివర మేకుకు కట్టి, దానికి వంద మీటర్ల దారం తగిలించి, దారం కొసన ఉన్న ఉంగరాన్ని గ్లైడరు కింది కొక్కేనికి వేస్తాం. ఉండేలు లాగినట్టు వెనక్కి లాగి వదిలితే గ్లైడరు గాలిపటంలాగా ఎక్కి, పైన కొక్కెంనుంచి ఉంగరం జారిపోతుంది. రెండుసార్లు వదిలాం. రెండుసార్లూ నిమిషం తిరగకుండానే దిగింది. మూడోసారి చిన్నోడి నాన్న చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆగాం. "ఇప్పుడు వదులు. ఆ దుక్కి మీదికి పోనీ" అన్నాడు.

దుక్కి మీదికి పోగానే కుడి రెక్క ఎవరో కిందినుంచి తట్టినట్టు లేచింది. లేచే గాలి అటు పక్క ఉందని గుర్తు. చిన్నోడు దాన్ని అటే తిప్పి చుట్లు మొదలుపెట్టాడు. గ్లైడరు పైకి పోసాగింది. కొంతసేపటికి ఒక గద్ద వచ్చి దాని కిందే తిరగడం మొదలుపెట్టింది. మేము పకపకా నవ్వాం. ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. గ్లైడరు చిన్నదై, చిన్నదై, ఈగంత అయింది. గాలితోపాటు అది తూర్పుకు కొట్టుకుపోతున్నది.

"సార్, మీరు తీసుకోండి" అని చిన్నోడు పెట్టె నాకు చాపాడు. నేను తీసుకోలేదు. ఎందుకంటే అప్పటికే అది నా కళ్లకు కనిపించడం లేదు! దాన్ని చూడగలిగింది అతనొక్కడే. ముక్కు కిందికి వంచి వేగంగా దించుదామంటే, వేగం మితిమీరితే రెక్కలు విరుగుతాయి. ఊరుకుంటే ఇంకా పైకి పోయి కనుమరుగవుతుంది. కనుమరుగైన గ్లైడరును ఏ రేడియో కాపాడలేదు. మూడు నెలల పని అది. చిన్నోడి పెదవులు వణుకుతున్నాయి గాని వేళ్లు వణకలేదు.

"చెరువు మీదికి తోలరా" అన్నాడు నాన్న. "నీళ్ల మీద లేవదు."

2022లో వానలు బాగా పడటంతో ఆ ఏడు చెరువులో నీళ్లున్నాయి. చిన్నోడు చుట్లు మాని, గ్లైడరును తిన్నగా ఉత్తరానికి నడిపాడు. అది ఎటు తిరిగి ఉన్నదో తెలియనప్పుడల్లా పుల్లను కొంచెం కదిపి, రెక్క మీద ఎండ తళుక్కుమనే దాకా ఆగి, అప్పుడు సరిచేశాడు. అలా ఎంతసేపు గడిచిందో నేను గడియారం చూడలేదు. చివరికి నా కళ్లకు కూడా అది కనిపించింది. దిగుతున్నది! కాని మేమున్న చోటికి రాలేకపోయింది. చెరువు కట్ట దాటి, తుమ్మచెట్ల వెనక్కి జారిపోయింది.

చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. మర్నాడు ఒక గొర్రెల కాపరి దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చి, "అయ్యవారూ, ఇది మీదేనంట గదా" అన్నాడు. దూలం చెక్కుచెదరలేదు. ఎడమ రెక్క చివర జానెడు మేర మాత్రం కాగితం లేదు. కూలినందువల్ల కాదు, మందలోని మేక ఒకటి నమిలేసింది.

మాకు ఇంకొక రకం గాలి కూడా ఉన్నది. ఆషాఢంలో పడమటి గాలి జోరుగా వీచి, మా ఊరి గుట్టకు కొట్టుకుని, పోయే దారి లేక పైకి ఎక్కుతుంది. గుట్ట కొమ్మున నిలబడి గ్లైడరును ఆ గాలిలోకి విసిరితే దిగనే దిగదు. 1911లో ఓర్విల్ రైటు ఇసుకగుట్ట ఎదుట ఇలాంటి గాలిలోనే ఇంజను లేకుండా 9 నిమిషాల 45 సెకన్లు నిలిచాడు. చిన్నోడు మేక నమిలిన రెక్కకు కొత్త కాగితం వేసి ఆ జులైలో అరగంట నిలిపాడు. బ్యాటరీ అయిపోతుందేమోనని నేనే దించమన్నాను. కొండ వెనుక గాలిలో గిరగిరా తిరుగుతూ వేగం పెంచుకునే విద్య ఇంకొకటి ఉన్నది. 2021లో కాలిఫోర్నియాలో అలా ఒక మోడల్ గ్లైడరు గంటకు 882 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఇంజను లేకుండా! మేము దాని జోలికి పోము.

పెద్దలకు ఒక మాట. 2021 నాటి డ్రోను నియమాలు మన దేశంలో రేడియోతో ఎగిరే మోడళ్లకు కూడా వర్తిస్తాయి. బరువును బట్టి నియమాలు మారుతాయి. విమానాశ్రయాల దగ్గరా, సైనిక స్థావరాల దగ్గరా అనుమతి లేకుండా ఎగరవేయకూడదు. కనుక పిల్లవాడు మొదటి పక్కటెముక కొయ్యకముందే మీరు ఆ నియమాలు చదివి, మీ ఊరికి ఏవి వర్తిస్తాయో తెలుసుకోండి. జనం మీదుగా ఎగరవేయనివ్వకండి. 400 గ్రాములే అయినా తలమీద పడితే దెబ్బ గట్టిదే.

చిన్నోడు ఆ తరువాత రెండు మీటర్ల రెక్కతో కొత్త గ్లైడరు మొదలుపెట్టాడు. "ఎక్కే సంగతి సరే, దిగే ఉపాయం ముందు చూసుకో" అని వాళ్ల నాన్న పట్టుబట్టడంతో, రెక్క మీద తలుపుల్లాగా తెరుచుకునే పలకలు పెట్టాం. అవి తెరిస్తే గాలి అడ్డుపడి, వేగం మితిమీరకుండానే గ్లైడరు త్వరగా దిగుతుంది. పక్కటెముకలు ఈసారి ఇరవై రెండు కోశాడు, రెండే పారేశాడు. కాగితం అతికించి రెక్కలు వరండాలో ఆరబెట్టిన రోజున, పక్కింటి వాళ్ల మేకను మాత్రం వీధి అవతల కట్టెయ్యమని నేనే వెళ్లి చెప్పి వచ్చాను.